బాయిలర్ బూరుల్ కోపం

మంచు కొండల మధ్య ఉన్న మా కరసాయ్ ఊరి బడిలో, గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్‌కి బొగ్గు వేసే పనిలో మగవాళ్ళు ఎవరూ రెండు చలికాలాలు నిలవలేదు. ఒకడు తాగి బొగ్గు కుప్ప మీదే పడుకునేవాడు. ఒకడు బొగ్గు బస్తాలు తన ఇంటికి మోసుకుపోయేవాడు. బూరుల్ వచ్చాక మొదటి పదమూడు చలికాలాలు ఆ బాయిలర్ ఒక్కరోజు కూడా చల్లారలేదు.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. పొయ్యి సెగకి కనుబొమ్మలు మాడిపోయి మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉండేది. నిజానికి ఆమె ఆశ్చర్యపడటం నేను చూడలేదు, కోపమే చూశాను. పారని తిట్టేది, గాలిని తిట్టేది, హెడ్మాస్టర్ని తిట్టేది, టీవీలో మాట్లాడే మంత్రుల్ని పేరు పెట్టి తిట్టేది. పిల్లలు మంచులో తడిసిన బూట్లతో వస్తే, "మీ అమ్మ కళ్ళు ఎక్కడ పెట్టుకుని పంపింది?" అని కసురుతూనే బూట్లు విప్పించి బాయిలర్ పక్కన ఆరబెట్టేది. పిల్లలకి ఆమె అంటే భయం లేదు. మాకే ఉండేది.

నేను ఆ బడిలో ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. అందుకని నన్ను "టీచరమ్మా" అనేది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో నాకు ఎప్పుడూ తెలియలేదు.

మూడు వందల గడపలు కూడా లేని మా ఊళ్ళో రెండు పార్టీలు. నీలం టోపీలవాళ్ళది గడప పార్టీ, ఆకుపచ్చ మఫ్లర్లవాళ్ళది ఊట పార్టీ. అన్నదమ్ములు మాట్లాడుకోవటం మానేశారు. గడప వాళ్ళు ఒక కొట్లో ఉప్పు కొంటే, ఊట వాళ్ళు ఇంకో కొట్లో కొనేవాళ్ళు. ఒకరింట్లో చావైతే రెండోవాళ్ళు వచ్చి మూడు పారల మట్టి వేసి, టీ ముట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళు. బూరుల్‌కి రెండు పార్టీలన్నా ఒళ్ళుమంట. ఊరికే పుట్టింది కాదు ఆ మంట.

నేను చెప్పబోయే చలికాలానికి నాలుగేళ్ళ ముందు ఊరి పెత్తనం ఊట పార్టీది. అప్పుడు బాయిలర్ పొగగొట్టం మార్చారు. ఆ గొట్టం ఒకటో తరగతి గది గోడ వెంబడి పోయి పైకి లేస్తుంది. దళసరి ఇనుపది వేస్తామని చెప్పి పల్చటి రేకు గొట్టం తెచ్చి బిగించారు. బూరుల్ వేలితో కొట్టి చూసి, చేతులు కూడా కడుక్కోకుండా పంచాయితీ ఆఫీసుకి పరుగెత్తింది. గొట్టం కొన్న కమిటీలో ఊట తరఫు మెంబరు ఉల్పాన్. మా ఊరి ఆరోగ్యకేంద్రంలో ముప్పై ఏళ్ళుగా సూదులు వేస్తున్న నర్సు, బూరుల్ కన్నా ఆరేళ్ళు పెద్ద.

"ఉల్పానక్కా, అది గొట్టం కాదు, డబ్బా రేకు. రెండు చలికాలాలకి చిల్లులు పడుతుంది. ఒక్కసారి వచ్చి చూడండి" అంది బూరుల్.

ఉల్పాన్ టీ గిన్నె కింద పెట్టకుండానే, "నువ్వు పొయ్యి చూసుకో బూరుల్, కాగితాలు మేం చూసుకుంటాం" అంది. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు బూరుల్ మరిచిపోలేదు. ఆ రోజు నుంచి ఉల్పాన్ దగ్గర సూది వేయించుకోలేదు. జ్వరమొస్తే పక్క ఊరికి నడిచి పోయేది.

తర్వాతి ఎన్నికల్లో గడప పార్టీ గెలిచింది. మామత్‌కుల్ ఊరి పెద్ద అయ్యాడు. బూరుల్ ఇంటి పక్కింటివాడే, ఆమె కన్నా ఎనిమిదేళ్ళు చిన్న. గడప వాళ్ళు రావటంతోనే బడికి బొగ్గు తోలే పని జిల్లాలో వాళ్ళ నాయకుడి బావమరిదికి వెళ్ళిపోయింది. వాళ్ళ పెత్తనం మూడో ఏడు నవంబరులో లారీలు వచ్చి దించిపోయిన బొగ్గులో సగం తడిసిన పొడి, మిగిలినదాంట్లో సగం రాళ్ళు.

బూరుల్ ఒక సంచి నిండా రాళ్ళు ఏరి, భుజాన వేసుకుని ఆఫీసుకి వెళ్ళింది. జీతం కాగితం పనిమీద నేనూ ఆ గదిలో ఉన్నాను. సంచి విప్పి రాళ్ళన్నీ మామత్‌కుల్ బల్ల మీద కుమ్మరించింది. టీ గ్లాసు పగిలింది.

"మండించి చూపించు తమ్ముడూ! అగ్గిపెట్టె నేనిస్తాను."

"అక్కా, మీరు కూర్చోండి ముందు."

"కూర్చోను. బొగ్గు దించుకున్నామని ఎవడు సంతకం పెట్టాడు?"

మామత్‌కుల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "జనవరి లోపు మారుస్తామన్నారు."

"ఎవరన్నారు?"

"పైవాళ్ళు."

"పైవాళ్ళ పిల్లలు ఈ బళ్ళో చదవట్లేదు. నీ కొడుకు చదువుతున్నాడు. నా మనవరాలు చదువుతోంది."

ఆమె మూడుసార్లు అలా వెళ్ళింది. మూడోసారి ఆమెని చూసి గుమాస్తా తలుపు గడియ వేసుకున్నాడు.

జనవరి ఆఖర్న ఒక బుధవారం. బయట సున్నాకి ముప్పై డిగ్రీల కింద చలి. తడి పొడి సరిగ్గా మండక బాయిలర్ పొగ కక్కుతోంది. రెండో గంట పాఠం మధ్యలో ఒకటో తరగతి టీచరు నడవాలోకి వచ్చి, "పిల్లలు నిద్రపోతున్నారు" అంది. అంటూనే గోడకి జారబడి కూలిపోయింది.

నేను అరిచిన అరుపుకి మొదట వచ్చింది బూరుల్. గదిలోకి చూసింది, అంతే. పార ఎత్తి కిటికీ అద్దాలన్నీ వరసగా పగలగొట్టింది. పిల్లల్ని ఈ చంకన ఒకరిని, ఆ చంకన ఒకరిని పట్టుకుని మంచులోకి మోసుకొచ్చి పడుకోబెట్టింది. పదకొండు మంది. అందులో ఆమె మనవరాలు సెజిమ్ కూడా ఉంది. ఆ పిల్లని ఆఖరికి తెచ్చింది. ఎందుకు ఆఖరికి తెచ్చావని తర్వాత ఎవరో అడిగితే, "అది వెనక బెంచీలో ఉంది, నేను తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టాను" అంది.

ఉల్పాన్ ఆరోగ్యకేంద్రం నుంచి ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది, కోటు కూడా లేదు. ఒక్కొక్కరి నోట్లో ఊపిరి ఊదుతూ, ఆక్సిజన్ సిలిండరు ఒకటే ఉంటే దాన్ని పిల్ల నుంచి పిల్లకి మారుస్తూ, మధ్యాహ్నం అంబులెన్సులు వచ్చేదాకా మంచులో మోకాళ్ళ మీదే ఉంది. బూరుల్ ఆమె పక్కనే. నాలుగేళ్ళు మాట్లాడుకోని ఇద్దరూ ఆ మూడు గంటలూ ఒకరినొకరు తిట్టుకుంటూ పనిచేశారు.

"తల పక్కకి తిప్పు! పక్కకి అంటే అటు కాదు!"

"మీరు ముందు ఈ కంబళి కప్పుకోండి, చచ్చిపోతారు!"

"నన్ను వదిలెయ్, పిల్లకి కప్పు!"

పదకొండు మందీ బతికారు. సెజిమ్ ఒక్కతే పది రోజులు నరీన్ పట్నం ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఏప్రిల్‌లో ఎన్నికలు. ఇక చూడాలి మా ఊరిని. పిల్లలు ఆసుపత్రిలో ఉండగానే ఆకుపచ్చ మఫ్లర్లు బడి గేటు ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నాయి. నీలం టోపీలు, "బూరుల్ ఊట మనిషి, కావాలని చేసింది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాయి. శుక్రవారం పొద్దున ఊట కుర్రాళ్ళు బూరుల్ ఇంటికి పిండి బస్తా తెచ్చారు. అందులో ఒకడు సెల్‌ఫోన్ పైకెత్తి, "పెద్దమ్మా, గడప పార్టీ మా పిల్లల్ని చంపబోయింది అని ఒక్క మాట ఏడుస్తూ చెప్పండి చాలు" అన్నాడు.

"ఏడుస్తూనా?" అంది బూరుల్. పిండి బస్తా ఎత్తి వీధిలోకి విసిరింది. అది పగిలి వాళ్ళ మఫ్లర్ల నిండా పిండి.

అదే రోజు సాయంత్రం గడప వాళ్ళు ఒక గొర్రెని తోలుకొచ్చారు. ఏమీ మాట్లాడకుండా ఉంటే చాలన్నారు. ఆమె గొర్రె తాడు విప్పి, దాన్ని వాళ్ళ కారు వెనక సీట్లోకి నెట్టి తలుపేసింది. గొర్రె లోపల చేసిన పని గురించి ఊరు వారం రోజులు నవ్వింది. బూరుల్ మాత్రం నవ్వలేదు. "నా మనవరాలి ఊపిరి ఒకడికి బస్తా పిండి, ఒకడికి గొర్రె" అంది నాతో. పళ్ళు కొరుకుతుంటే ఆ చప్పుడు వినపడింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. సోమవారం హెడ్మాస్టర్ టీచర్లందరినీ పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. బొగ్గు ఆదా చెయ్యటానికి బూరుల్ పొగగొట్టంలో గాలిని ఆపే అడ్డురేకుని మంట ఆరకముందే మూసేసిందని, అది మేం చూశామని అందులో ఉంది. మేం ఎవరం ఏమీ చూడలేదు. నాకు పెన్షన్‌కి రెండేళ్ళు ఉంది. నా ముందు తొమ్మిది సంతకాలున్నాయి. నాది పదోది.

జిల్లా నుంచి విచారణ కమిషన్ వచ్చింది. ఊరి క్లబ్బు హాల్లో ఎడం పక్క నీలం, కుడి పక్క ఆకుపచ్చ. బూరుల్ మధ్యలో దారి మీద ఒక కుర్చీ వేసుకుని ఒక్కతే కూర్చుంది. కమిషన్ అధ్యక్షుడు కాగితం చదివాడు: "బాయిలర్ కార్మికురాలి నిర్లక్ష్యం వల్ల..."

"ఎవరు చూశారు?" అని లేచింది బూరుల్.

"పది మంది ఉపాధ్యాయులు."

ఆమె మా వరస కేసి తిరిగింది. ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. "నువ్వూనా టీచరమ్మా?"

నేను నేల చూశాను. ఆ నేలకి వేసిన ఎర్ర రంగు ఎక్కడెక్కడ ఊడిపోయిందో ఇప్పటికీ చెప్పగలను.

అప్పుడు కుడి పక్క నుంచి ఉల్పాన్ లేచింది. పక్కనున్న ఊట పార్టీ కార్యదర్శి ఆమె చెయ్యి పట్టి లాగాడు. "కూర్చో అక్కా, ఇంకేం కావాలి మనకి, గెలుస్తున్నాం." ఆమె చెయ్యి విడిపించుకుంది.

"ఆ పొగగొట్టం తీసుకున్న కమిటీలో నేనున్నాను. కాగితంలో దళసరి ఇనుము అని రాసుంది. వచ్చింది రేకు. బయట చలిగా ఉందని నేను వెళ్ళి చూడలేదు. ఆఫీసులో టీ తాగుతూ సంతకం పెట్టాను. చూడమని ఈమె అప్పుడే వచ్చి బతిమాలింది. నువ్వు పొయ్యి చూసుకో అన్నాను. అందరం నవ్వాం." ఉల్పాన్ పిడికిలి బిగించి పైకెత్తి చూపించింది. "నిన్న వెళ్ళి చూశాను. గొట్టానికి నా పిడికిలి దూరేంత చిల్లు. ఆ గది గోడకే ఉంది, విషపు గాలి అందులోంచే పిల్లల మీదకి వచ్చింది. అడ్డురేకుతో పనిలేదు. తప్పు మాది. నాది."

"ద్రోహి!" అని కుడి పక్క నుంచి ఎవరో అరిచారు. ఎడం పక్క చప్పట్లు మోగాయి. ఉల్పాన్ ఎడం పక్కకి తిరిగి, "మీరు కొట్టకండి చప్పట్లు, మీ బొగ్గు సంగతి నాకూ తెలుసు" అంది. చప్పట్లు ఆగిపోయాయి.

జిల్లా గడప నాయకుడు ముందు వరసలోనే ఉన్నాడు. సంతోషంగా లేచాడు. "గొట్టం ఊట వాళ్ళదని తేలిపోయింది. అయినా కార్మికురాలి నిర్లక్ష్యం కూడా ఉంది కదా. మామత్‌కుల్, సంతకం పెట్టెయ్, ముగిద్దాం." కాగితం, కలం ముందుకు జరిపాడు.

మామత్‌కుల్ కలం తీసుకున్నాడు. కాగితం చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఈమె అడ్డురేకు మూసిందని నాకు తెలియదు" అన్నాడు.

"టీచర్లు రాశారు కదయ్యా!"

"వాళ్ళు రాయలేదు. ఆ మాటలు మన జిల్లా ఆఫీసులో రాసిచ్చారు. నేను తెచ్చి హెడ్మాస్టర్‌కి ఇచ్చాను." కలం బల్ల మీద పెట్టాడు. "తెచ్చాను గాని, దీని మీద నేను సంతకం పెట్టను. పక్కింటి మనిషి. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి ఈమే చూసింది."

బూరుల్ మాత్రం వదల్లేదు.

"మరి బొగ్గు? ఆ బొగ్గు దించుకున్నామని సంతకం పెట్టింది ఎవరు? అది కూడా చెప్పు!"

మామత్‌కుల్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"చెప్పరా!"

అతను టోపీ పెట్టుకుని, ఆమె కుర్చీ పక్క నుంచే నడిచి బయటికి వెళ్ళిపోయాడు.

బూరుల్ మీద కేసు నిలవలేదు. కమిషన్ కాగితంలో ఆఖరికి ఎవరి పేరూ లేదు, "లోపాలు" అని ఉంది. నెల తిరిగేసరికి ఇనుప గొట్టం వచ్చింది. బొగ్గు తోలేవాడు మాత్రం మారలేదు. వారంలో మామత్‌కుల్ పదవి ఊడింది. ఊట పార్టీ తన అభ్యర్థుల జాబితాలో నుంచి ఉల్పాన్ పేరు కొట్టేసింది.

నేను రెండు వారాలు ధైర్యం కూడగట్టుకుని బాయిలర్ గదికి వెళ్ళాను. ఆమె బూడిద తీస్తోంది.

"బూరుల్, నన్ను క్షమించు."

"అదా తెచ్చింది? అక్కడ పెట్టు, బూడిద బకెట్ పక్కన."

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె పార గోడకి ఆనించింది. "ఎందుకు పెట్టావు సంతకం?"

"భయమేసింది."

"ఎవరికి వెయ్యదు? ఉల్పాన్‌కి వెయ్యలేదా? తన వాళ్ళందరి మధ్యలో లేచి నిలబడి 'తప్పు నాది' అంది. నాకు ఒళ్ళు మండిపోతోంది టీచరమ్మా! నాలుగేళ్ళు ఆమెని హాయిగా అసహ్యించుకుంటూ బతికాను. ఇప్పుడు అదీ లేకుండా చేసింది. పోనీ వాడు, ఆ మామత్‌కుల్‌ని కడుపారా తిట్టుకుందామంటే, వాడు కలం కింద పెట్టేశాడు. సగం మనిషయ్యాడు వెధవ. పూర్తిగా దొంగై ఉంటే నాకు సుఖంగా ఉండేది."

"అంటే వాళ్ళని క్షమించావా?"

"ఎవరు చెప్పారు?" అని గయ్యిమంది. "క్షమించటం వేరు. వాళ్ళు చేసిన పని చేసినట్టు చెప్పటం వేరు. రేకు రేకే, రాళ్ళు రాళ్ళే. నిలబడ్డది నిలబడ్డదే. నీకు లెక్కలొచ్చు కదా, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యకు. విడివిడిగా రాసుకో."

మే నెలలో మంచు కరిగి గడ్డి మొలిచాక, సెజిమ్ బతికినందుకు బూరుల్ ఒక గొర్రెని కోసి ఊరిని భోజనానికి పిలిచింది. పార్టీ చూడకుండా పిలిచింది. అందరూ వచ్చారు గాని, ఆమె పెద్ద గదిలో కూడా ఎడం పక్క నీలం వాళ్ళు, కుడి పక్క ఆకుపచ్చ వాళ్ళు కూర్చున్నారు. మాంసం ఉడికి పళ్ళాలు వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. మా దగ్గర ఎవరి విలువ ఎంతో చెప్పేది ఎముకే. ఎవరికి ఏ ఎముక వస్తుందో అందరూ చూస్తారు, ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. మామూలుగా మగవాళ్ళు పంచుతారు. ఆ రోజు బూరుల్ అల్లుడి చేతిలోంచి పళ్ళెం లాక్కుంది.

ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దావిడకి వెళ్ళాల్సింది తోక ఎముక. బూరుల్ అత్తగారు ఎనభై నాలుగేళ్ళ మనిషి, మధ్యలో దిండ్ల మీద కూర్చుని ఉంది. బూరుల్ ఆమెని దాటి వెళ్ళి, తోక ఎముక తీసి ఉల్పాన్ ముందు పెట్టింది.

ఉల్పాన్ వెనక్కి జరిగింది. "వద్దు, ఇది మీ అత్తగారిది."

"నేను పెట్టాను, తీసుకోండి. మళ్ళీ మళ్ళీ చెప్పించకండి, నాకు కోపమొస్తుంది."

"తీసుకోవే ఉల్పాన్, నాకెలాగూ పళ్ళు లేవు" అంది అత్తగారు.

ఉల్పాన్ రెండు చేతులా అందుకుంది. అప్పుడు కుడి పక్క నుంచి ఒక ఆకుపచ్చ మఫ్లరు కుర్రాడు పక్కవాడితో, అందరికీ వినపడేలా, "ద్రోహికి తోక ఎముకంట" అన్నాడు.

బూరుల్ పళ్ళెం పట్టుకునే అతని మీదకి వెళ్ళింది. "లే. లేచి నిలబడు. ఆ రోజు మంచులో పిల్లల నోట్లో ఊపిరి ఊదుతుంటే నువ్వెక్కడున్నావు? తర్వాత గేటు దగ్గర ఫొటోకి మాత్రం వచ్చావు. ఈమె మొహాన ఉమ్మే హక్కు ఈ ఊళ్ళో ఒక్కరికి ఉంటే అది నాకు ఉంది. నేనే ఉమ్మట్లేదు, నువ్వెవడివి? క్షమాపణ చెప్పి కూర్చో, లేకపోతే తినకుండా పో."

కుర్రాడు ఏదో గొణిగాడు. ఉల్పాన్ తల ఊపింది. అతను కూర్చున్నాడు.

తర్వాత తొడ ఎముక, గౌరవించాల్సిన మగవాళ్ళకి పెట్టేది. అది మామత్‌కుల్ ముందు పెట్టింది. పదవి పోయినవాడు, తలుపు దగ్గర కూర్చున్నాడు. గడప వాళ్ళు ఎవరూ అతని పక్కన కూర్చోలేదు.

"తీసుకో తమ్ముడూ. ఇది నువ్వు పెట్టని సంతకానికి. నువ్వు పెట్టిన సంతకం ఇంకొకటి ఉంది, దానికి ఈ ఇంట్లో పెట్టటానికి ఏమీ లేదు. తిను."

మామత్‌కుల్ మొహం కందిపోయింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నాం. కత్తి తీసుకుని ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, "బాగా ఉడికింది అక్కా" అన్నాడు.

"ఉడకదా? పిడకల మీద వండాను. నీ బొగ్గు మీదైతే ఇంకా ఉడుకుతూనే ఉండేది."

మొదట నవ్వింది అత్తగారు. తర్వాత ఎడం పక్క, కుడి పక్క. మామత్‌కుల్ కూడా తల వంచుకుని నవ్వాడు, కానీ బొగ్గు గురించి ఆ రోజు కూడా ఏమీ ఒప్పుకోలేదు. నాకు ఒక పక్కటెముక వచ్చింది, వచ్చినవాళ్ళందరికీ వచ్చేదే. తిన్నాను.

ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికల్లో ఊట పార్టీ రెండు సీట్ల తేడాతో గెలిచింది. బూరుల్ ఎవరికి ఓటు వేసిందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అక్టోబరులో కొత్త ఊరి పెద్ద హయాంలో బొగ్గు లారీలు వచ్చాయి. బొగ్గు తోలేవాడు పాతవాడే, ఈసారి ఆకుపచ్చ మఫ్లరుతో. బూరుల్ దించనివ్వలేదు. లారీ మీదకెక్కి పారతో అడుగుదాకా తవ్వింది. అడుగున రాళ్ళు. లారీల్ని వెనక్కి పంపింది. మంచి బొగ్గు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది, అప్పటికే మంచు మొదలైంది. ఆ తొమ్మిది రోజులూ పిల్లలు కోట్లతో, గ్లౌజులతో పాఠాలు రాసుకున్నారు. రెండు పార్టీల తల్లిదండ్రులూ కలిసి బడి గేటు దగ్గరికి వచ్చి బూరుల్‌ని నానా తిట్లూ తిట్టారు. ఆమె బాయిలర్ గది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ పేరు పెట్టి సమాధానం చెప్పింది.